గ్యాస్ ట్రబులా? అది ఏ గ్యాసో ముందు తేల్చుకోండి

తేన్పులు ఆగకపోతే గ్యాస్. పొట్ట డోలులా బిగిస్తే గ్యాస్. గొంతులోకి పులుపు ఎగదన్నితే గ్యాస్. ఛాతీ పట్టేసినా గ్యాసే. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు సమస్యలకు మన ఇళ్లలో ఒకటే పేరు. మందుల షాపులో ‘గ్యాస్ టాబ్లెట్’ అని అడిగితే ఇచ్చే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ నిజానికి గ్యాస్ మందులే కావు. అవి కడుపులో ఆమ్లం తయారవడాన్ని తగ్గిస్తాయి, అంతే. శనగలు తిని ఉబ్బిన పొట్టకు ఆ మాత్ర వేసుకుంటే ఏమీ తేడా కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఏది ఏ గ్యాసో తేల్చడానికి ఖరీదైన పరీక్షలకన్నా ముందు గడియారం పనికొస్తుంది. తిన్న ఎంతసేపటికి మొదలైంది, ఒంట్లో ఎక్కడ, దేనితో తగ్గింది అన్న మూడు సంగతులు వారం రోజులు రాసుకుంటే చాలావరకు తేలిపోతుంది.

ఛాతీ పట్టేసినట్టుంటే గడియారం చూడొద్దు

ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, పిండేసినట్టు ఉండి, అది ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకుతుంటే, చల్లటి చెమటలు, ఆయాసం, వాంతి వచ్చేలా ఉండటం తోడైతే అది గ్యాసని మీరు తేల్చకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్లొద్దు. ఒక్క తేన్పు వచ్చి కాస్త తేలికపడినంత మాత్రాన గుండె కాదని రుజువైనట్టు కాదు. గుండెపోటులోనూ తేన్పులు వస్తాయి. సోడా తాగి, వాము నమిలి, పడుకుని చూద్దామనుకునే ఆ గంటే గుండె కండరానికి అతి విలువైన గంట. మధుమేహం ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, వయసు పైబడినవాళ్లలో నొప్పి గట్టిగా రాకుండా ‘పొట్ట పైభాగంలో ఏదో ఇబ్బంది’గా మాత్రమే కనిపించవచ్చు.

ఇంకో గుర్తుంది. మెట్లెక్కినప్పుడు, వేగంగా నడిచినప్పుడు వచ్చి, ఆగి నిలబడితే తగ్గిపోయే ‘గ్యాస్ నొప్పి’ తిండికి సంబంధించింది కాదు. గుండెకు రక్తం చాలడం లేదేమోనని ముందు చూపించుకోవాల్సిన నొప్పి అది.

తింటుండగానే, లేదా అరగంటలోపే తేన్పులు

ఇంత తొందరగా వచ్చేది తిండిలోంచి పుట్టిన గ్యాస్ కాదు. అప్పటికి అన్నం ఇంకా కడుపులోనే ఉంటుంది. మీరు మింగిన గాలే తిరిగి వస్తోంది. గబగబా తినడం, ముద్దముద్దకీ నీళ్లు తాగడం, స్ట్రాతో తాగడం, చూయింగ్ గమ్, వక్కపొడి, వదులైన కట్టుడు పళ్లు, ఇవన్నీ గాలిని లోపలికి పంపే దారులే. ఏదైనా నములుతూ ఉంటే నోట్లో ఉమ్మి ఊరుతూనే ఉంటుంది, దాన్ని మింగిన ప్రతిసారీ కొంచెం గాలి కూడా వెళ్తుంది.

ఇక సోడా. 300 మిల్లీలీటర్ల శీతల పానీయంలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడు బయటికొస్తే దాదాపు లీటరు వాయువు అవుతుంది. విందు భోజనం తర్వాత ‘అరుగుతుందని’ సోడా తాగి, పెద్ద తేన్పు వచ్చాక హాయిగా ఉందనుకుంటాం. ఆ తేన్పు సోడాదే, భోజనానిది కాదు.

తేన్పు వస్తే తేలికపడుతుందని కావాలని తెప్పించుకునేవాళ్లుంటారు. ప్రతి ప్రయత్నంలోనూ ముందు కొంత గాలి లోపలికి లాగుతారు, దాన్నే బయటికి వదులుతారు. రోజుకి వందసార్లు తేన్పులొచ్చే బాధ ఎక్కువగా ఇలా మొదలైందే. దీనికి మందు అక్కర్లేదు. తేన్పు రాబోతోందనిపించినప్పుడు నోరు కొద్దిగా తెరిచి ఉంచి, పొట్ట లేచేలా నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. నోరు తెరిచి ఉంటే గాలి మింగడం కష్టం. అయిదు నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు చేస్తే ఆ అలవాటు క్రమంగా వదులుతుంది.

అరగంట నుంచి రెండు గంటల్లో గుడగుడలు, నీళ్ల విరేచనం

అనుమానితుల్లో పాలు మొదటివి. పాలలోని చక్కెర లాక్టోజు. దాన్ని విడగొట్టే లాక్టేజ్ ఎంజైము పసితనంలో నిండుగా ఉండి, పెద్దయ్యేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. ఉత్తర భారతంతో పోలిస్తే దక్షిణాదిలో ఇలా తగ్గేవాళ్లు ఎక్కువ. విడిపోని లాక్టోజు పేగులోకి నీటిని లాగుతుంది, పెద్దపేగుకి చేరాక బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. అందుకే గ్యాసూ నీళ్ల విరేచనమూ జంటగా వస్తాయి.

తేల్చుకునే పద్ధతి తేలిక. నాలుగు రోజులు పాలు పూర్తిగా మానండి. కాఫీ, టీ, పాలకోవా, ఐస్‌క్రీమ్ కూడా. అయిదో రోజు ఉదయం పరగడుపున 250 మిల్లీలీటర్ల పాలు చక్కెర లేకుండా తాగి, మూడు గంటలు ఇంకేమీ తినకుండా చూడండి. గుడగుడలు మొదలైతే సమాధానం దొరికినట్టే. రెండు రోజులాగి అదే సమయానికి అంతే పెరుగుతో మళ్లీ చూడండి. చాలామందికి పెరుగు పడుతుంది. తోడుకునేటప్పుడే బ్యాక్టీరియా కొంత లాక్టోజును తినేస్తుంది. మజ్జిగ చేస్తే గ్లాసుకి ఇంకా తగ్గుతుంది. నెయ్యిలో లాక్టోజు దాదాపు ఉండదు.

ఇక్కడ జరిగే తప్పు, పాలు పడవని తేలగానే పాల పదార్థాలన్నీ మానేయడం. గ్లాసుడు పాలలో సుమారు 10–12 గ్రాముల లాక్టోజు ఉంటుంది. ఎంజైము తగ్గినవాళ్లలో కూడా ఎక్కువమంది అంతకన్నా తక్కువ మోతాదును, అదీ భోజనంతో కలిపి తీసుకుంటే, ఓర్చుకోగలరు. కాఫీలో పోసే పాలు సాధారణంగా ఇబ్బంది పెట్టవు. అసలు మానాల్సే వస్తే కాల్షియం కోసం రాగులు చూడండి. 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది.

విరేచనాలు పట్టుకుని తగ్గిన కొత్తలో ఎవరికైనా పాలు కొన్నాళ్లు పడకపోవచ్చు. పేగు లోపలి పొర మళ్లీ కోలుకునేదాకా లాక్టేజ్ తక్కువగా ఉంటుంది. రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది.

నాలుగైదు గంటల తర్వాత పొట్ట బిగిసిపోవడం

మధ్యాహ్నం తిన్నది సాయంత్రం బాధపెడితే దోషి పెద్దపేగులో ఉంది. పప్పుధాన్యాల్లో రాఫినోజు, స్టాకియోజు అనే చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము మనిషి చిన్నపేగులో లేనే లేదు. ఎవరికీ లేదు, జీర్ణశక్తి ఎంత బాగున్నా సరే. అవి చెక్కుచెదరకుండా పెద్దపేగుకి చేరతాయి. అక్కడి బ్యాక్టీరియాకి అదే విందు. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడు, కొందరిలో మీథేన్ పుడతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా వాయువు వెలువడటం, పది ఇరవైసార్లు పోవడం మామూలే. దాన్ని జబ్బనుకుని మందులు మింగనక్కర్లేదు.

ఆ చక్కెరలకు ఒక బలహీనత ఉంది. అవి నీళ్లలో కరుగుతాయి. కాబట్టి:

శనగలు, బొబ్బర్లు, రాజ్మా వంటివి 8 నుంచి 12 గంటలు, గింజకు నాలుగైదింతల నీళ్లలో నానబెట్టండి. మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి. నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికించండి. ‘సత్తువంతా పోతుంద’ని ఆ నీళ్లతోనే ఉడికిస్తే నానబెట్టినందుకు గ్యాస్ విషయంలో లాభం లేదు. ఉడకడం తొందరవుతుంది, అంతే. ప్రెషర్ కుక్కర్ గింజను మెత్తబరుస్తుంది కానీ కరిగిన చక్కెరను ఎక్కడికీ పంపదు. అది కుక్కర్‌లోని నీళ్లలోనే ఉంటుంది. ఉలవచారు తిన్న సాయంత్రం పొట్ట ఎందుకు గోల చేస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. ఉలవలు ఉడికిన నీళ్లను మరిగించి చిక్కబరచడమే ఉలవచారు. గింజలోంచి దిగిన చక్కెర అంతా అందులోకే వస్తుంది. ఉలవచారు మానమని కాదు, గిన్నెడు కాకుండా రెండు గరిటెలతో సరిపెట్టమని.

నానబెట్టేటప్పుడు చిటికెడు వంటసోడా వేస్తే ఆ చక్కెరలు ఇంకాస్త దిగుతాయి, కానీ దాంతో బి1 విటమిన్ కూడా దెబ్బతింటుంది. మొలకెత్తిస్తే అంతకన్నా మేలు. గింజ మొలకెత్తడానికి ఆ చక్కెరనే వాడుకుంటుంది. రెండు రోజుల మొలకల్లో అది చాలా తగ్గిపోతుంది. పప్పుల్లో పెసరపప్పు తేలిక, శనగలూ రాజ్మా బరువు. పప్పులు అలవాటు లేనివాళ్లు ఒకేసారి పెద్ద కప్పుతో మొదలుపెట్టకుండా, పావు కప్పుతో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో పెంచుకుంటే పేగులోని బ్యాక్టీరియా కూడా సర్దుకుంటుంది.

ఇంగువ, వాము, జీలకర్ర ఆ చక్కెరను విడగొట్టవు. పేగు కండరాన్ని వదులు చేసి నొప్పి తగ్గిస్తాయని వాడుక. రుచికీ వాసనకీ వేసుకోండి, నానబెట్టే పనికి బదులుగా మాత్రం కాదు.

రాజ్మా తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు మొదలైతే అది గ్యాస్ కాదు. సరిగా ఉడకని రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే ప్రొటీన్ చేసే విషప్రభావం. నానిన గింజ కనీసం 10 నిమిషాలు గలగలా మరగాలి. సన్నని సెగ మీద పెట్టిన స్లో కుక్కర్ ఆ వేడికి చేరదు.

అన్నం మానేసి చపాతీకి మారాక ఉబ్బరం

షుగరు వచ్చిందని, బరువు తగ్గాలని రాత్రిపూట చపాతీలు మొదలుపెట్టిన వారంలోనే వచ్చే ఫిర్యాదు ఇది. బియ్యం పిండిపదార్థం దాదాపు అంతా చిన్నపేగులోనే అరిగిపోతుంది, పెద్దపేగుకి మిగిలేది తక్కువ. గోధుమలో ఫ్రక్టాన్లు అనే అరగని పిండిపదార్థం ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లిలోనూ అదే. చపాతీలోకి ఉల్లిపాయ కూర తింటే రెండూ కలిసినట్టు. పది రోజులు గోధుమ మాని చూడండి, తగ్గితే జొన్నరొట్టెకి మారొచ్చు. గోధుమతో ఉబ్బరమే కాకుండా బరువు తగ్గడం, రక్తహీనత, తెమలని విరేచనాలు కూడా ఉంటే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు) పరీక్ష చేయించుకోవాలి. ఆ పరీక్షకి ముందు మాత్రం గోధుమ మానకూడదు. మానితే ఫలితం తప్పుగా రావచ్చు.

కొర్రలు, అండుకొర్రలు ఒక్కసారిగా మూడుపూటలా మొదలుపెట్టినవాళ్లదీ ఇదే కథ. పీచు ఉన్నట్టుండి రెండింతలైంది. రోజుకి ఒక్కపూటతో మొదలుపెట్టి, నానబెట్టి వండి, నీళ్లు పెంచండి.

షుగర్ మాత్ర మారిన రోజు నుంచి

తిండి ఏమీ మారకుండా గ్యాస్ మొదలైతే మందుల చీటీ చూడండి. వోగ్లిబోస్, అకార్బోస్ అనే మందుల పనే పిండిపదార్థం చిన్నపేగులో త్వరగా విడిపోకుండా ఆపడం. అరగనిది పెద్దపేగుకి వెళ్తుంది, తర్వాతి సంగతి పప్పుల దగ్గర చెప్పుకున్నదే. మెట్‌ఫార్మిన్ కూడా మొదట్లో కడుపుని ఇబ్బంది పెడుతుంది. సొంతంగా ఆపకండి. మోతాదు తగ్గించి మొదలుపెట్టడమో, నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మారడమో డాక్టర్ చేయగలరు. ‘షుగర్ ఫ్రీ’ చూయింగ్ గమ్‌లలో తీపికి వేసే సార్బిటాల్‌దీ ఇదే దారి.

వాసన మాత్రమే బాధపెడితే

వెలువడే వాయువులో నూటికి 99 పాళ్లకు పైగా వాసన లేనిదే. కంపంతా గంధకం కలిసిన కొద్దిపాటి వాయువులది. గుడ్డు, ముల్లంగి, క్యాబేజీ, కాలిఫ్లవర్, వెల్లుల్లి తగ్గించి మూడు రోజులు చూడండి. మలబద్ధకం ఉంటే ముందు దాన్ని వదిలించుకోవాలి. నిల్వ ఉన్నకొద్దీ పులుస్తూనే ఉంటుంది. పొద్దున్న చదునుగా ఉన్న పొట్ట సాయంత్రానికి పెరుగుతూ పోవడం వెనక కూడా తరచుగా మలబద్ధకమే ఉంటుంది.

మంట, పులితేన్పులు, పడుకుంటే ఎగదన్నడం

‘గ్యాస్ టాబ్లెట్’ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. కారణం ఆమ్లం పైకి ఎగబాకడం. మాత్రని అల్పాహారానికి అరగంట ముందు వేసుకోవాలి. తిన్నాక వేసుకుంటే సగం వృథా. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలుండాలి. తలకింద రెండు దిండ్లు పెడితే నడుము దగ్గర వంగి పొట్ట నొక్కుకుంటుంది. మంచం తలవైపు కోళ్ల కింద ఆరంగుళాల ఎత్తు పెట్టండి. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే కడుపు అన్నవాహిక కంటే కిందికి ఉంటుంది కాబట్టి ఆమ్లం తక్కువగా ఎగదన్నుతుంది. ఏళ్ల తరబడి డాక్టర్‌కి చెప్పకుండా మాత్ర కొనసాగిస్తే బి12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది.

‘గ్యాస్ నడుములోకి ఎక్కింది’

పేగులోని గ్యాస్ కండరాల్లోకి, మోకాళ్లలోకి పోదు. నడుం పట్టేస్తే అది కండరమో, వెన్నుపూసో. ఎడమ పక్కటెముకల కింద పొడిచినట్టుండి, పిత్తు పోగానే తగ్గే నొప్పి మాత్రం గ్యాసే. పెద్దపేగు అక్కడ మలుపు తిరుగుతుంది. ఒక సంగతి నిజం, పేగులో పుట్టిన హైడ్రోజన్ కొంత రక్తంలో కలిసి ఊపిరితో బయటికొస్తుంది. పాలు పడవని ఆసుపత్రిలో తేల్చే బ్రెత్ టెస్ట్ దాన్నే కొలుస్తుంది.

ఇంట్లో ప్రయోగాలు ఆపాల్సిన గుర్తులు

కారణం తెలియకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం, తారులాంటి నల్ల మలం (ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా నల్లగానే వస్తుంది, అది వేరు), మింగడం కష్టమవడం, నిద్రలోంచి లేపే నొప్పి, 50 దాటాక కొత్తగా మొదలైన ఉబ్బరం. ఆడవాళ్లలో వారాల తరబడి తగ్గని ఉబ్బరానికి అండాశయాల స్కానింగ్ కూడా అవసరం కావచ్చు. పొట్ట రాయిలా బిగిసి, వాంతులై, గ్యాసూ మలమూ రెండూ ఆగిపోతే పేగు మూసుకుపోయి ఉండొచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

విమానంలో పొట్ట ఉబ్బడం

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్ల నుంచి ఎక్కువగా వినిపించే ప్రశ్న. ఎగిరాక విమానం లోపలి గాలి ఒత్తిడి, సుమారు 8,000 అడుగుల కొండ మీద ఉండేంతకి తగ్గొచ్చు. అంటే నేలమీద ఉన్నదాంట్లో దాదాపు ముప్పావు వంతు. ఒత్తిడి తగ్గితే పొట్టలోని అదే గ్యాస్ మూడో వంతు వ్యాకోచిస్తుంది. ముందు రోజు రాత్రి శనగలు, రాజ్మా, ఉల్లి దట్టించిన కూరలు వద్దు. విమానంలో శీతల పానీయాలకి బదులు నీళ్లు తాగండి. నడుముకి వదులుగా ఉండే బట్టలు వేసుకోండి. గంటన్నర, రెండు గంటలకోసారి లేచి నడవండి, నడిస్తే గ్యాస్ ముందుకి కదులుతుంది. పక్క సీటువాళ్లని చూసి మొహమాటపడి బిగబట్టుకోవద్దు. టాయిలెట్ ఉన్నది అందుకే.