పీజీల ఫీడ్‌బ్యాక్‌లో అంతా ‘బాగుంది’ అనే వస్తోందా?

మెడికల్ కాలేజీల్లో పీజీలు, అంటే పోస్ట్ గ్రాడ్యుయేట్ డాక్టర్లు, తమ శిక్షణ గురించి నింపే సర్వే చూసే అధ్యాపకుల కోసం ఇది రాస్తున్నాను. మా విభాగంలో నేను చేసిన తప్పులు కూడా ఇందులో ఉన్నాయి.

సమస్య: అన్నింటికీ అయిదుకు అయిదు

మొదటిసారి మాకు 14 ఫారాలు వచ్చాయి. పదకొండింటిలో పైనుంచి కింద దాకా ఒకే గడిలో టిక్కులు. టైమ్ చూస్తే అన్నీ 2.10కీ 2.14కీ మధ్య నింపినవే. సెమినార్ హాల్లో, హెచ్‌ఓడీ (విభాగాధిపతి) ఎదురుగా కూర్చోబెట్టి నింపించాం మరి!

కారణం: భయం. థీసిస్ మీద సంతకం, చేసిన పనులు రాసుకునే లాగ్‌బుక్, సెలవు అన్నీ మన చేతిలోనే ఉంటాయి. ఏడాదికి నాలుగు సీట్లున్న చోట ‘సెకండ్ ఇయర్, రెండో యూనిట్’ అని రాస్తే పేరు రాసినట్టే.

పరిష్కారం: గూగుల్ ఫారంలో ఈమెయిల్ సేకరించే సెట్టింగ్ తీసేయండి. ‘ఒక్కసారే నింపాలి’ అన్నది కూడా తీసేయండి, అది ఉంటే లాగిన్ అడుగుతుంది, అక్కడే పిల్లలు ఆగిపోతారు. ఏ ఇయరో, ఏ యూనిట్టో అడగొద్దు. జవాబులు వేరే విభాగం వాళ్లు తెరిచి, క్రోడీకరించి ఇవ్వాలి. బ్రిటన్‌లో జీఎంసీ (జనరల్ మెడికల్ కౌన్సిల్) ఏటా జరిపే ట్రైనింగ్ సర్వేలో ఒక చోట నుంచి ముగ్గురి కంటే తక్కువ మంది జవాబిస్తే ఆ ఫలితం బయటపెట్టరు. మనమూ అలాగే చేయాలి. చిన్న విభాగమైతే మూడేళ్ల పీజీల జవాబులనూ కలిపే చూడండి.

సమస్య: జవాబులు వస్తున్నాయి, పనికిరావడం లేదు

‘బోధన ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది సార్’ అనే వస్తుంది. జరిగినదాన్ని అడగండి. పోయిన వారం బెడ్ పక్కన కేసు చర్చ ఎన్నిసార్లు జరిగింది? మొదటి సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం) వేసినప్పుడు పక్కన ఎవరున్నారు? ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) 2023 పీజీ నిబంధనల్లో పని అవసరాన్ని బట్టి వారానికో సెలవు, ఏడాదికి 20 క్యాజువల్ లీవులు ఉన్నాయి. పోయిన నాలుగు వారాల్లో ఎన్ని వారపు సెలవులు దొరికాయి?

జిల్లా ఆస్పత్రిలో 3 నెలల రెసిడెన్సీ చేసి వచ్చినవాళ్లను వచ్చిన వారంలోనే అడగండి. మన దగ్గర ఏది నేర్చుకోలేదో అక్కడ వాళ్లకు బాగా తెలిసొస్తుంది.

సమస్య: రెండోసారి ఎవరూ నింపడం లేదు

కారణం: పోయినసారి చెప్పింది ఏమైందో మనం చెప్పలేదు. ఒక ఫారంలో ఇలా ఉంది: ‘నైట్ డ్యూటీ దిగాక కూడా ఒంటిగంట దాకా ఓపీలోనే ఉంటున్నాం. కేసు చెబుతుంటే కళ్లు మూతలు పడుతున్నాయి.’ ఆ కాగితం నా సొరుగులో ఆరు నెలలు ఉండిపోయింది. ఆరు నెలలూ ఆ పిల్లలు నిద్ర లేకుండానే ఓపీ చూశారు. ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

పరిష్కారం: రెండు వారాల్లోగా నోటీసు బోర్డు మీద పెట్టండి. ఏది మారుస్తున్నాం, ఎప్పటి నుంచి, ఏది మార్చలేం, ఎందుకు. మేం డ్యూటీ అప్పగింతను ఉదయం 8.30కి మార్చి, నైట్ చేసినవాళ్లను ఓపీ లిస్టు నుంచి తీసేశాం. ఆ తర్వాతి సర్వేలో జవాబులు పొడుగ్గా వచ్చాయి, విమర్శలు కూడా పెరిగాయి. అది మంచి గుర్తే.

సమస్య: ఒక ఫారంలో వేధింపుల మాట

ఇంకా ఎంతమంది రాస్తారో చూద్దామని ఆగొద్దు. అదే రోజు కాలేజీ కమిటీకి ఇవ్వండి. రాసిందెవరని రాసిన తీరు పోల్చి చూడటం, వాట్సాప్ గ్రూపులో అడగటం అస్సలు వద్దు.