సేవ్ చేసుకున్న ఫ్లాట్ల లిస్టు గందరగోళమైందా? సమస్య - పరిష్కారం

కిందటేడాది మేం ఫ్లాట్ కోసం హైదరాబాద్ పడమటి వైపు తెల్లాపూర్, నల్లగండ్ల, కొల్లూరు తిరుగుతున్నప్పుడు ఇంట్లో ముగ్గురం లింకులు పోగేసేవాళ్లం. నేను బ్రౌజర్ బుక్‌మార్కుల్లో, మా ఆవిడ వాట్సాప్‌లో, డల్లాస్‌లో ఉన్న మా బావమరిది రెయిన్‌డ్రాప్ అనే బుక్‌మార్క్ యాప్‌లో. రెండు నెలలకు 46 లింకులయ్యాయి. ఒక ఆదివారం కూర్చుని లెక్క తీస్తే అందులో అసలు ఇళ్లు 19. అప్పుడు బయటపడ్డ తప్పులు, వాటి విరుగుళ్లు ఇవి.

లింకు నొక్కితే ఆ ఇల్లు రావడం లేదు, వేరేవేవో వస్తున్నాయి

ముందు ఒకటి చూసుకోండి: మీరు సేవ్ చేసింది ఇంటి పేజీనా, సెర్చ్ పేజీనా? "త్రీ బీహెచ్‌కే, నల్లగండ్ల" అని వెతికిన పేజీని దాచుకుంటే అందులో రోజుకో ఇల్లు కనిపిస్తుంది. ఇంటి ఫొటో మీద నొక్కి, లోపలి పేజీలో షేర్ బటన్ నుంచి లింకు కాపీ చేయాలి.

అది సరిగ్గానే ఉంటే, ప్రకటన గడువు తీరిందన్నమాట, లేదా ఏజెంటు దాన్ని తీసేసి, పైన కనపడాలని కొత్తగా మళ్లీ పెట్టాడన్నమాట. ఇల్లు అక్కడే ఉంది, లింకే పోయింది. అందుకే సేవ్ చేసిన రోజే పేజీని పీడీఎఫ్‌గా దించుకుని, ఒక ఎక్సెల్ లాంటి షీట్‌లో ప్రాజెక్టు పేరు, అంతస్తు, ఏ ఫేసింగ్, కార్పెట్ ఏరియా, చెప్పిన ధర, తేదీ, రెరా (ఇళ్ల ప్రాజెక్టులను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) నంబరు రాసుకోండి. లింకు పోయినా రెరా నంబరు పోదు. తెలంగాణ రెరా సైట్‌లో కొడితే ప్రాజెక్టు వివరాలు వస్తాయి. పాత బిల్డింగుల్లో రీసేల్ ఫ్లాటుకు ఈ నంబరు లేకపోవచ్చు, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

ఒకే ఇల్లు మూడు చోట్ల, మూడు ధరల్లో

మా లిస్టులో ఒక ఫ్లాట్ 92 లక్షలకు, 98 లక్షలకు, కోటీ 5 లక్షలకు కూడా ఉంది. పేర్లు వేరు, వర్ణనలు వేరు. మా ఆవిడ వంటింటి ఫొటోలు పక్కపక్కన పెట్టి పట్టేసింది: మూడింట్లోనూ సింకు కింద మూత లేని నీలం డ్రమ్ము, దాని మీద ఎండుతున్న గళ్ల తువ్వాలు! ఓనరు ముగ్గురు ఏజెంట్లకు చెప్తే ముగ్గురూ ఎవరి ధర వాళ్లు వేసుకున్నారు. ప్రకటనలో రాతను నమ్మకండి, ఫొటోలు పోల్చండి. ఇల్లు ఒకటేనని తేలాక ఓనరు అసలు ఎంతకు చెప్పాడో కనుక్కున్నాకే బేరం మొదలుపెట్టండి.

ఇంకో రకం డూప్లికేట్ మనం చేసుకునేదే. వాట్సాప్‌లో వచ్చిన లింకులో ప్రశ్న గుర్తు తర్వాత పెద్ద తోక ఉంటుంది, అది ఎక్కణ్నుంచి వచ్చారో లెక్కపెట్టడానికి. తోక మారితే బుక్‌మార్క్ యాప్ దాన్ని కొత్త ఇల్లనుకోవచ్చు. తోక తీసేసి, ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరిచి చూడండి. ఇల్లు వస్తే ఆ పొట్టి లింకే దాచండి. కొన్ని సైట్లలో ఇంటి నంబరు తోకలోనే ఉంటుంది, అక్కడ కత్తిరించకూడదు.

ధరలు పోలిస్తే లెక్క కుదరడం లేదు

ఒకరు సూపర్ బిల్టప్ (గోడలు, బాల్కనీ, లిఫ్టు, మెట్లలాంటి ఉమ్మడి జాగాలో వాటా కూడా కలిపిన లెక్క) వేస్తారు, ఒకరు కార్పెట్ వేస్తారు. 99 లక్షల ఫ్లాట్ 1,650 అడుగులంటే అడుగు 6,000 పడినట్టు. అదే ఫ్లాట్ కార్పెట్ 1,150 అయితే అడుగు సుమారు 8,600. కార్పెట్ అంటే లోపలి గోడలతో సహా మనం వాడుకునే జాగా. బయటి గోడలు, బాల్కనీ అందులోకి రావు. షీట్‌లో విస్తీర్ణానికి కార్పెట్ కాలమ్ ఒక్కటే ఉంచండి, మిగతా విస్తీర్ణాలు తీసేయండి. కట్టుబడిలో ఉన్నదానికి 5 శాతం జీఎస్టీ (45 లక్షల లోపు చిన్న ఇళ్లకు 1 శాతం) కలిపి రాయండి. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. పార్కింగ్, క్లబ్‌హౌస్, కార్పస్ ఫండ్ (బిల్డింగు నిర్వహణ కోసం ముందే కట్టించుకునే నిధి) విడిగా అడగాల్సిందే.

ప్రకటనలో గచ్చిబౌలి, వెళ్తే కొల్లూరు

ఎక్కువ మంది వెతికే పేరు వేస్తారు, అంతే. కారు తీసే ముందు లొకేషన్ పిన్ అడగండి. పంపకపోతే వెళ్లకండి.

లిస్టు మొత్తం పోయింది

బుక్‌మార్క్ సేవలు మూతపడతాయి. 2003లో మొదలైన డెలీషియస్ 2017లో చేతులు మారి ఆగిపోయింది. పాకెట్ 2025 జులై 8న మూతపడింది. నెలకోసారి ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌లో పడేసుకోండి. అసలు లిస్టు ముగ్గురూ రాయగలిగే గూగుల్ షీట్‌లో ఉంటే ఇంకా మంచిది.

రెరా నంబరు అడిగితే "వస్తోంది" అంటున్నారు

ఇది లింకు సమస్య కాదు గానీ, లిస్టు ఉంటేనే బయటపడుతుంది. 2016 రెరా చట్టం ప్రకారం ప్రాజెక్టు రెరాలో రిజిస్టర్ కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు 8కి మించకపోయినా మినహాయింపు ఉంటుంది. మిగతాదంతా "ప్రీలాంచ్" (రిజిస్టర్ కాకముందే అమ్మడం) పేరుతో జరిగే వ్యవహారం. మా షీట్‌లో ఆ కాలమ్ ఖాళీగా ఉన్న కొత్త ప్రాజెక్టులు మూడు. ఒకాయన "ఇవాళ టోకెన్ వేస్తే అడుగుకి 800 తగ్గిస్తా సార్" అన్నాడు. మూడూ తీసేశాం. 16 మిగిలాయి.