సిడ్నీలో ఇల్లు కొన్న నల్లగొండ, పాలమూరు వారికి: చెక్క నేల సంగతులు

నేను ప్రస్తుతం నల్లగొండలో, మా అమ్మ ఉండే ఇంట్లో, తాండూరు బండల మీద చాప వేసుకుని కూర్చుని ఇది రాస్తున్నాను. సిడ్నీ పడమటి శివార్లలో చాలా ఏళ్ళు కాపురం చేసి, నాలుగు నెలలు ఉండిపోదామని ఇక్కడికి వచ్చాను. అయినా ఫోను మాత్రం సిడ్నీని వదల్లేదు. దేవరకొండ, నకిరేకల్, జడ్చర్ల, వనపర్తి వైపు నుంచి వెళ్ళి అక్కడ కొత్తగా ఇల్లు కొన్న పిల్లలు అడిగే ప్రశ్నల్లో ఒకటి పదేపదే వస్తుంది. మొన్న మా అక్క కొడుకు వీడియోలో కార్పెట్ చూపిస్తూ అడిగాడు: "మామా, ఇది పీకేసి చెక్క ఫ్లోర్ ఏద్దామనుకుంటున్నం. మేమే ఏసుకోవచ్చా, ఎవర్నన్న పిలవాల్నా?" వాడికి చెప్పినదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మన వైపు నేల అంటే కదలనిది. సుతారి మేస్త్రి దారం కట్టి, మాలు పరిచి, బండ పెట్టి, చెక్క సుత్తితో తట్టి మట్టం చూసుకుని వదిలేస్తే అది మనవళ్ళ కాలం దాకా అక్కడే ఉంటుంది. మా వాడు అడిగిన చెక్క నేలను ఫ్లోటింగ్ ఫ్లోర్ అంటారు, అది దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది. దానికి మేకు కొట్టరు, జిగురు పెట్టరు. పలకలను ఒకదాని అంచులో ఇంకొకదాని అంచును ఇరికించి, మొత్తాన్ని ఒకే పెద్ద చాపలాగా, అండర్‌లే అనే పలుచని మెత్తటి పొర మీద వదిలేస్తారు. ఎందుకంటే చెక్క గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, తేమ తగ్గితే సన్నబడుతుంది, అదీ నిడివిలో కన్నా వెడల్పులోనే ఎక్కువగా. ఇది మనకు తెలియని విషయం కాదు. వానాకాలంలో దర్వాజకు తలుపు పట్టేసి భుజంతో నెట్టాల్సి రావడం, ఎండాకాలంలో వదులైన బండి చక్రాలను కుంటలో నానబెట్టి బిగుసుకునేలా చేయడం చూస్తూ పెరిగినవాళ్ళమే. అక్కడి నేల కూడా ఆ తలుపు లాంటిదే, కాకపోతే దాని చుట్టూ ఉన్నవి గోడలు. అందుకే నాలుగు వైపులా సాధారణంగా 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఆ ఖాళీని తర్వాత స్కర్టింగ్ గానీ, స్కోషియా అనే సన్నని పట్టీ గానీ కప్పేస్తుంది.

ఈ ఖాళీ విలువ నాకు డబ్బు ఖర్చయ్యాకే తెలిసింది. మొదటి ఇంట్లో హాలుకు నేనే ఆగస్టులో నేల వేశాను. సిడ్నీలో ఆగస్టు చలిగా, పొడిగా ఉండే నెల కనుక పలకలు అప్పటికి సన్నబడి ఉన్నాయి. మూడు గోడల దగ్గర ఖాళీ సరిగ్గానే వదిలాను గానీ, వంటింటి వైపు సందు కనిపిస్తే బాగుండదనే చాదస్తంతో పలకలను గోడకు ఆనించేశాను. అది చాలదన్నట్టు తలుపు ఆగడానికి పెట్టే చిన్న రబ్బరు బిళ్ళను కూడా నేలలోంచి కిందికి స్క్రూ వేసి బిగించాను. ఫిబ్రవరిలో ఉక్కపోత మొదలైన రెండు వారాలకు హాలు మధ్యలో నేల వీపులాగా పైకి లేచింది, కాలు పెడితే కిందికి దిగి మళ్ళీ లేచేది. అప్పుడు మా దగ్గరికి వచ్చి ఉన్న అమ్మ దాని మీద రెండు సార్లు నడిచి చూసి, "ఏందిరా, కింద పందికొక్కు గిట్ల సొచ్చిందా?" అని అడిగింది. వంటింటి వైపు స్కర్టింగ్ ఊడదీసి, అంచును వేలెడంత మందం కోసి, ఆ స్క్రూ తీసేస్తే నాలుగైదు రోజుల్లో మూపు దానంతటదే దిగిపోయింది. అయితే అప్పటికే కీళ్ళు విరిగిన మూడు పలకలను మాత్రం మార్చాల్సి వచ్చింది.

ఏ రకం కొనాలన్నది మీ జేబును బట్టి, ఇంటిని బట్టి ఉంటుంది. లామినేట్ అంటే నొక్కి చేసిన చెక్కపొడి పలక మీద చెక్క బొమ్మ ముద్రించిన కాగితం, దాని మీద గట్టి పొర. గీతలను బాగా తట్టుకుంటుంది గానీ, కీళ్ళలోకి నీళ్ళు దిగితే అంచులు ఉబ్బి మళ్ళీ యథాస్థితికి రావు. హైబ్రిడ్ అంటే రాతిపొడి, ప్లాస్టిక్ కలిపిన గుండె ఉన్నది. అది నీళ్ళకు జంకదు, కానీ అద్దాల తలుపు పక్కన గంటల తరబడి ఎండ పడితే వేడికి సాగుతుంది. ఇంజనీర్డ్ టింబర్ అంటే ప్లైవుడ్ వంటి పొరల మీద కొన్ని మిల్లీమీటర్ల మందం నిజమైన చెక్క. కాలికి తగిలే హాయి దీనిదే, జాగ్రత్త కూడా దీనికే ఎక్కువ కావాలి. ఆస్ట్రేలియాలో ఎక్కువగా అమ్మే బ్లాక్‌బట్, స్పాటెడ్ గమ్ రెండూ మనం నీలగిరి అనీ, జామాయిల్ అనీ పిలిచే చెట్ల బంధువులే. ఇక్కడ వాసాలకూ కాగితం మిల్లుకూ పోయే చెట్టు కుటుంబం అక్కడ హాలులో నేల అవుతుందంటే మా వడ్లాయన ఇప్పటికీ నమ్మడు. మన నల్లగొండకు పాత పేరు కూడా నీలగిరే కదా అని నేను నవ్వితే, ఆ పేరుకూ ఈ చెట్టుకూ ఏ సంబంధమూ లేదని ఆయనే నన్ను సరిదిద్దాడు.

పలకలు ఎంచుకునే ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. అద్దె ఇల్లయితే ఈ ఆలోచనే మానుకోండి. అపార్ట్‌మెంటు అయితే కార్పెట్ తీసి గట్టి నేల వేయడానికి అనుమతి కావాలి. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 2015 నాటి స్ట్రాటా చట్టం, అంటే అపార్ట్‌మెంట్ల నిర్వహణ చట్టం, దీన్ని చిన్న మరమ్మతుల కింద లెక్కించి, యజమానుల సంఘం సమావేశంలో మెజారిటీ ఆమోదం తీసుకోమంటుంది. కింది ఇంటివాళ్ళకు మీ పిల్లల పరుగులు వినపడకుండా ఎటువంటి అండర్‌లే వేస్తారో కూడా చాలా భవనాల్లో అడుగుతారు. అనుమతి లేకుండా వేసిన నేలను తీసేయమని చెప్పే అవకాశం ఉంది కనుక, "ఎవరు చూస్తారులే" అనే మన ధైర్యం అక్కడ పనికిరాదు. మూడోది, 1990కి ముందు కట్టిన ఇంట్లో కార్పెట్ కింద పాత వినైల్ షీటు గానీ బిళ్ళలు గానీ కనపడితే చేయి పెట్టకండి. వాటిలో, వాటి వెనక అట్టలో ఆస్బెస్టాస్ అనే, దుమ్ము పీలిస్తే ప్రాణానికే ముప్పయిన నార పదార్థం ఉండవచ్చు. మన దగ్గర అది కలిసిన సిమెంటు రేకుల షెడ్డు మామూలు విషయం, దాన్ని పగలగొట్టడం ఇంకా మామూలు. ఆస్ట్రేలియాలో మాత్రం ఆ పదార్థాన్ని 2003 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధించారు. ముందు ముక్క పరీక్షకు పంపించి, ఆ తర్వాతే పని మొదలుపెట్టాలి.

ఇక అసలు పని నేల కిందిది. పైన పరిచే పలకల మీద అందరూ చూపే శ్రద్ధలో సగం కింది స్లాబు మీద చూపితే చాలు, సగం ఫిర్యాదులు ఉండవు. 2 మీటర్ల నిటారైన పట్టీని నేల మీద అన్ని దిక్కులా తిప్పి చూస్తే, దాని కింద ఎక్కడా 3 మిల్లీమీటర్లకు మించి సందు కనపడకూడదు. రసమట్టం చూపేది వేరు, ఇది వేరు. నేల కొంచెం వాలి ఉన్నా ఫరవాలేదు గానీ, గుంటలూ మిట్టలూ ఉండకూడదు. గుంట మీద పలక గాలిలో వేలాడి, నడిచిన ప్రతిసారీ కిర్రుమని, చివరికి కీలు విరుగుతుంది. గుంటలను సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్, అంటే తనంతట తానే సమంగా పరుచుకునే సిమెంటు మిశ్రమం, పోసి నింపాలి, మిట్టలను గ్రైండర్‌తో అరగదీయాలి. ఆ అరగదీసే పనిలో లేచే సిమెంటు దుమ్ము కంకర మిల్లు దుమ్ము లాంటిదే, ఊపిరితిత్తులను తినేస్తుంది. దుమ్ము పీల్చే యంత్రం తగిలించిన గ్రైండరూ, సరైన మాస్కూ లేకుండా దాని జోలికి పోవద్దు.

తేమ సంగతి ఇంకా మొండిది. కొత్త ఇళ్ళు కొన్నవాళ్ళు, స్లాబుకు 28 రోజులు నీళ్ళు పెట్టారు కదా, అయిపోయింది కదా అంటారు. ఆ 28 రోజులు కాంక్రీటు బలానికి సంబంధించిన లెక్క, ఆరడానికి కాదు. ఆరడం సుమారుగా నెలకు 25 మిల్లీమీటర్లు అని పనివాళ్ళు లెక్కవేస్తారు. అంటే 100 మిల్లీమీటర్ల స్లాబుకు నాలుగు నెలలు. ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. రెండు జానల పైచిలుకు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా గాలి చొరకుండా టేపుతో అంటించి, ఒక రోజు వదిలి, ఎత్తి చూడండి. లోపలి వైపు చెమట పట్టినా, కింద కాంక్రీటు నల్లబడినా ఆ స్లాబు ఇంకా నీళ్ళు కక్కుతోందని అర్థం. పొడిగా కనపడినంత మాత్రాన పూర్తిగా ఆరినట్టు కాదు కాబట్టి, ఖరీదైన చెక్క వేస్తుంటే తేమ కొలిచే మీటరుతో చూసేవారిని పిలవడమే మేలు. స్లాబు ఆరినా సరే, 200 మైక్రాన్ల పాలిథీన్ షీటు పరిచి, అతుకుల దగ్గర ఒక జానెడు ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేసి టేపు వేయాలి. కొన్ని అండర్‌లేలకు ఆ పొర ముందే అంటుకుని ఉంటుంది.

పెట్టెలు వచ్చాక వాటిని విప్పకుండా, ఆ గదిలోనే, చదునుగా పడుకోబెట్టి కనీసం 48 గంటలు ఉంచాలి. నిలబెడితే పలకలు వంగుతాయి. లెక్క కూడా ముందే వేసుకోవాలి. మనకు స్థలం గజాల్లో, ఇల్లు చదరపు అడుగుల్లో అలవాటు, అక్కడ అన్నీ చదరపు మీటర్లే. 4 మీటర్ల పొడవు, 3.46 మీటర్ల వెడల్పు ఉన్న గది అంటే 13.84 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 149 అడుగులు. కోతల కోసం 10 శాతం కలిపితే 15.2 అవుతుంది, పెట్టెకు 2.2 మీటర్లు వస్తే ఏడు పెట్టెలు. ఇక్కడే ఇంకో లెక్క ఉంది, దాన్ని చాలామంది మరచిపోతారు. పలక వెడల్పు 190 మిల్లీమీటర్లు అనుకుందాం. రెండు వైపులా 10 చొప్పున వదిలితే 3440 మిగులుతుంది. పద్దెనిమిది వరుసలు 3420 తినేస్తే చివరన 20 మిల్లీమీటర్ల పుల్ల మిగిలి, అది కీలులో నిలవదు. అందుకే మొదటి వరుసనే నిలువునా 105కి కోసి మొదలుపెడితే, మధ్యలో పదిహేడు నిండు వరుసలు వచ్చి, చివరిది కూడా 105కే ముగుస్తుంది.

పలకలు పరచడం నిజానికి తేలికైన భాగం. మూడు నాలుగు పెట్టెలు ఒకేసారి విప్పి పలకలను కలుపుకోవాలి, లేకపోతే రంగు గుంపులు గుంపులుగా పడుతుంది. గదిలో పొడవైన దిక్కుగా గానీ, వెలుతురు వచ్చే దిక్కుగా గానీ పలకలు వేస్తారు. గోడ దగ్గర ఖాళీ నిలిపే చిన్న ముక్కలు, అంటే స్పేసర్లు, పెట్టి, ఒక వరుసలో మిగిలిన ముక్కతో రెండో వరుస మొదలుపెట్టాలి, అయితే పక్కపక్క వరుసల అతుకుల మధ్య కనీసం 300 మిల్లీమీటర్ల తేడా ఉండాలి. పలకను కొంచెం ఏటవాలుగా పట్టుకుని, నాలుకను గాడిలోకి జొనిపి, కిందికి దించితే అటుకు విరిగినంత చిన్న చప్పుడుతో అది కూర్చుంటుంది. ఆ చప్పుడు రాకపోతే ఏదో అడ్డం ఉందని తెలుసుకోవాలి. చాలాసార్లు అది ఒక చెక్కపొడి రవ్వే. అప్పుడు సుత్తి ఎత్తకుండా పలక తీసి గాడి ఊది మళ్ళీ పెట్టండి. తట్టక తప్పకపోతే ట్యాపింగ్ బ్లాక్ అనే దిమ్మను అడ్డం పెట్టి తట్టాలి గానీ, పలక అంచు మీద నేరుగా కొట్టకూడదు. దర్వాజల దగ్గర పలకను చుట్టూ కోయడం కన్నా, పలక మందాన దర్వాజ అడుగునే కోసి పలకను దాని కిందికి తోయడం చూడ్డానికి బాగుంటుంది.

వంటింట్లో మధ్యన కట్టే ఐలాండ్ బల్లనూ, అలమారాలనూ ముందుగా స్లాబు మీదే బిగించి, నేలను వాటి చుట్టూ ఖాళీ వదిలి వేయాలి. వాటి బరువు నేల మీద పడితే, నేను వేసిన స్క్రూ చేసిన పనే అవి పెద్ద ఎత్తున చేస్తాయి. గది నుంచి గదికి ఎడతెగకుండా వేయాలని ఆశ ఉంటుంది గానీ, నేల నిడివి 8, 10 మీటర్లు దాటే చోట గడప దగ్గర పట్టీ వేసి విడగొట్టాలి. ఎంత దూరానికి విడగొట్టాలో పెట్టె లోపలి కాగితంలో రాసి ఉంటుంది, ఆ కాగితాన్ని చదవకుండా పారేయకండి. అందులో చెప్పినట్టు మీరు చేయలేదని తేలితే వారంటీ చెల్లదు.

వేశాక మిగిలేది మన అలవాట్ల సంగతి. బకెట్టు నీళ్ళు గుమ్మరించి చీపురుతో తోయడం ఇక్కడి బండలకు స్నానం, అక్కడి చెక్కకు గండం. బట్టను గట్టిగా పిండి తుడిస్తే చాలు, ఆవిరితో తుడిచే మాపులు అసలే వద్దు. గృహప్రవేశం నాడు పాలు పొంగించేటప్పుడు పొయ్యి కింద వెడల్పాటి పళ్ళెం పెట్టండి. కొబ్బరికాయను బయట మెట్టు మీదే కొట్టండి. కడపకు పసుపు రాసేటప్పుడు నీళ్ళు పలక సందులోకి దిగకుండా చూడండి. వెట్ గ్రైండర్ కింద కారే పిండినీళ్ళను రాత్రికి వదిలేయకండి. మా ఇంట్లో లామినేట్ ఉబ్బిన ఒకే ఒక మూల ఆ గ్రైండర్ ఉండే మూలే. బియ్యం సంచిని ఈడ్చకుండా ఎత్తి పెట్టండి, కుర్చీల కాళ్ళకు ఫెల్ట్ బిళ్ళలు అంటించండి.

పని పూర్తయ్యాక ఒక పెట్టె మిగుల్చుకుని, గ్యారేజీలో తడి తగలని చోట చదునుగా పెట్టి, దాని మీది లాట్ నంబరు ఫోటో తీసి దాచుకోండి. ఆ రంగు రెండేళ్ళ తర్వాత దుకాణంలో దొరుకుతుందన్న నమ్మకం లేదు. నా మూడు పలకలను మార్చాల్సి వచ్చినప్పుడు నాకు దొరకలేదు, సోఫా కింద ఉన్న మంచి పలకలను పీకి హాలు మధ్యలో వేసుకుని, వేరే రంగువి సోఫా కిందికి తోశాను.