పాగ్ ద్వీపం ఒక్క రోజులో: ముందు గాలి, తర్వాత దారి

క్రొయేషియాలోని పాగ్ ద్వీపానికి ప్రయాణం ముందురాత్రే వాతావరణ సూచన చూడటంతో మొదలవుతుంది. చూడాల్సింది వాన గురించి కాదు, ఈశాన్యం నుంచి వీచే 'బూరా' గురించి. ద్వీపానికి ఎదురుగా, ప్రధాన భూభాగం మీద వెలెబిట్ కొండల వరుస ఉంది. దాని శిఖరం 1,757 మీటర్లు. కొండల వెనక పేరుకున్న చల్లటి, బరువైన గాలి ఆ అంచు దాటి పొంగి, కిందికి జారి, సన్నటి జలసంధి మీదుగా పాగ్‌ను కొడుతుంది. పేరు మన పిల్లలు ఊదే బూరలా వినిపిస్తుంది గానీ, లారీలను పక్కకు తోసేంత బలం దానిది. కొండల మీద తెల్లటి టోపీలా మబ్బు కూర్చుని కదలకుండా ఉంటే బూరా వచ్చినట్టే.

దారి దక్షిణం నుంచి ఉత్తరానికి పెట్టుకోండి. ప్రధాన భూభాగం మీది జాదర్ నగరంలో కారు తీసుకుని, వంతెన మీదుగా ద్వీపంలోకి వెళ్లి, సాయంత్రం ద్వీపం మీది జిగ్లెన్ రేవులో ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున ప్రిజ్నాలో దిగాలి. ఫెర్రీ ప్రయాణం పావుగంటే. వేసవి శనివారాల్లో బస మారేవాళ్లంతా రోడ్డెక్కుతారు కాబట్టి, ఉత్తరం నుంచి వస్తే ప్రిజ్నా దగ్గర కార్ల వరుసలోనే పొద్దు సగం పోతుంది. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియాలో యూరోనే చెల్లుతుంది. అదే రోజు ఐరోపా దేశాల ఉమ్మడి వీసా ప్రాంతమైన షెంగెన్‌లో చేరింది కనుక వీసా కూడా షెంగెన్‌దే. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ దగ్గర ఉంచుకోండి.

బయల్దేరే ముందు క్రొయేషియా ఆటో క్లబ్ వెబ్‌సైట్‌లో వంతెన పరిస్థితి చూడండి. గాలి పెరిగితే ముందు బైకులను, కారవాన్లను, ఎత్తైన బండ్లను ఆపుతారు. మరీ ముదిరితే కార్లనూ ఆపేస్తారు. 1968లో తెరిచిన ఈ కాంక్రీటు కమాను వంతెన పొడవు 301 మీటర్లు. దాటగానే కారు ఆపితే, దిగేటప్పుడు తలుపును చేత్తో గట్టిగా పట్టుకోండి. వదిలేస్తే గాలి దాన్ని వెనక్కి విరిచేస్తుంది.

ఇక్కడి నుంచి చుట్టూ చూస్తే చంద్రుడి మీద దిగినట్టుంటుంది. బూరా సముద్రాన్ని నురగలుగా చీల్చి, ఆ ఉప్పు తుంపరను వెలెబిట్ వైపు ఒడ్డుమీద చల్లుతుంది. సున్నపురాయి, ఉప్పు, గాలి మూడూ కలిసిన చోట చెట్టు నిలవదు. నిలిచేవి నేలను అంటిపెట్టుకుని బతికే సేజ్, ఇమ్మోర్టెల్ లాంటి సువాసన మొక్కలే. వాటిని మేసే గొర్రెల సంగతికి కొంచెం ముందుకెళ్లాక వద్దాం.

పాగ్ పట్నం దగ్గరపడేసరికి రోడ్డు పక్కన ఉప్పు మడులు కనిపిస్తాయి. నౌపడ, చినగంజాం మడులు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. లీటరు ఏడ్రియాటిక్ నీటిలో సుమారు 38 గ్రాముల లవణాలుంటాయి. నీటిని ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్లిస్తూ ఎండనిస్తే ముందు సున్నపు లవణాలు, జిప్సం అడుగుకు దిగుతాయి. లవణాల శాతం సుమారు 26కు చేరాకే తినే ఉప్పు గడ్డకడుతుంది. మిగిలిన చేదు నీటిని సకాలంలో వదిలెయ్యకపోతే మెగ్నీషియం చేరి ఉప్పు చేదెక్కుతుంది, చెమ్మ పీలుస్తుంది. ఉప్పు తియ్యడం చూడాలంటే వేసవి చివర్లో రండి. ఆ రోజుల్లో ఒక్క పెద్ద వాన పడితే వారాల శ్రమ నీళ్లపాలు.

ఈ ఉప్పు కోసమే పాగ్, జాదర్ శతాబ్దాల పాటు కొట్టుకున్నాయి. 1409లో వెనిస్ చేతికి వచ్చాక, 1443లో కొత్త పట్నానికి పునాది పడింది. దాని నమూనా యూరై దల్మాతినాట్స్‌దని చెబుతారు. షిబెనిక్ కెథడ్రల్ కట్టిన ముఖ్య శిల్పుల్లో ఆయన ఒకరు. ప్రోసికా అనే పేటలోని రాతి ఉప్పు కొఠార్లు, తిన్నని వీధులు, చర్చి ముఖద్వారం పైని గుండ్రటి రాతి కిటికీ చూడండి. ఆ కిటికీ ఊరి లేసును తలపిస్తుంది. పాగ్ లేసు సూదితో, ముందుగా గీసిన బొమ్మ లేకుండా అల్లేది. 1906లో దానికి బడి పెట్టారు. 2009లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అసలైన ముక్క అరచేతిలో ఇమిడేంత చిన్నదైనా ఖరీదు ఎక్కువే. చవకగా పెద్ద ముక్క దొరికిందంటే అది మిషన్‌ది. కొన్నది మడతపెట్టకండి, గంజి విరిగి గీత పడుతుంది.

జున్ను (చీజ్) కొనడానికి కోలాన్ ఊరు మంచిది. పాగ్ గొర్రె చిన్నది, పాలూ తక్కువే. పాలు జనవరి నుంచి వేసవి మొదటి దాకానే. అందుకే 'పాష్కీ సీర్' అనే ఇక్కడి గొర్రెపాల జున్ను ఖరీదు. కనీసం 60 రోజులు మాగాలి. 2019 నుంచి ఐరోపా సమాఖ్య రక్షిత పేరు కనుక ఎరుపు, పసుపు ముద్ర చూసి కొనండి. అక్కడి డెయిరీలు ఆవుపాలతోనూ, కలగలుపు పాలతోనూ చేస్తాయి. లేబుల్ మీద 'ఓవ్చ్‌యీ' గొర్రెపాలు, 'క్రావ్ల్‌యీ' ఆవుపాలు, 'మియెషాని' రెండూ కలిపినవి. పొరపాట్లన్నీ ఈ మూడో మాట దగ్గరే. తినే ముందు గంటసేపు ఫ్రిజ్ బయట ఉంచి, పైతొక్క తీసి, పల్చటి ముక్కలు కొయ్యండి. చల్లగా తింటే ఉప్పు తప్ప ఏమీ తెలియదు.

ద్వీపం ఉత్తర భాగంలోని నోవాల్యాలో పట్టణ మ్యూజియం నుంచే రోమన్ల నీటి సొరంగంలోకి దిగొచ్చు. ఒకటో శతాబ్దంలో, సుమారు కిలోమీటరు పొడవున రాతిని తొలిచారు. లోపల చల్లగా, ఇరుకుగా ఉంటుంది. పక్కనే ఉన్న జ్ర్చే బీచ్ జూలై, ఆగస్టుల్లో రాత్రి క్లబ్బులది. ప్రశాంతత కావాలంటే మే, జూన్‌లలో రండి. ఈ ద్వీపంలోని స్లానా తీరం 1941 వేసవిలో క్రొయేషియా ఫాసిస్టులైన ఉస్తాషాల ప్రభుత్వం యూదులను, సెర్బులను బంధించి చంపిన చోటు.

లూన్ ఆలివ్ తోటలకు నోవాల్యా నుంచి సుమారు 20 కిలోమీటర్లు. వెళ్లిన దారినే తిరిగి రావాలి కాబట్టి కనీసం రెండున్నర గంటలు ఉంచుకోండి. కొన్ని చెట్ల వయసు 1,600 ఏళ్ల దాకా చెబుతారు. గొర్రెల కోసం కట్టిన గోడల్లో సిమెంటు ఉండదు, ఎక్కితే రాళ్లు జారతాయి. దాటాలంటే గేటు వెతుక్కోండి, దాటాక మూసెయ్యండి.

జిగ్లెన్‌కు తిరిగొచ్చేసరికి జలసంధి తెల్లగా నురగ కక్కుతుంటే ఫెర్రీ ఆగిపోయి ఉండొచ్చు. అప్పుడు అక్కడే కాచుకుని కూర్చోకుండా, వంతెన తెరిచి ఉందో చూసుకుని ఆ దారి పట్టండి.