పొగమంచు కాలంలో పాత కాంటెస్సా: సమస్య - పరిష్కారం

శ్రీకాకుళంలో చలికి రేడియేటర్‌లో నీళ్లు గడ్డకట్టవు. ఇక్కడ పాత కార్లను తినేసేవి పొగమంచు తేమ, సముద్రం మీది ఉప్పుగాలి, నెలల తరబడి కదలకుండా ఉండటం. మా ఇంట్లో నాన్నగారి కాంటెస్సా కారు ఉంది, 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజిన్‌ది. ధనుర్మాసం మొదలు రథసప్తమి దాకా నా ఆదివారాలన్నీ దానికే. రథసప్తమి రోజు ఇంట్లో వాళ్లను అందులో అరసవల్లి తీసుకెళ్లాలి మరి.

సెల్ఫ్ కొడితే టిక్‌టిక్‌మంటుంది, ఇంజిన్ తిరగదు

వెంటనే కొత్త బ్యాటరీ కొనేయకండి. టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే కరెంటు సరిగా అందదు. ముందు నెగెటివ్ వైరు, తర్వాత పాజిటివ్ విప్పండి. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్‌తో కడగండి. ఆరాక బిగించి వాజిలిన్ రాయండి. రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీకి మీటర్ పెడితే 12.6 వోల్టులు చూపించాలి. 12.2 అంటే సగం ఛార్జే. ఛార్జి పెట్టిన మర్నాటికే మళ్లీ పడిపోతే అప్పుడు మార్చండి.

ఇంజిన్ తిరుగుతుంది, అందుకోదు

ఇప్పుడు ఎక్కువగా వస్తున్న సమస్య ఇదే. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే నీళ్లతో కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతుంది. కాంటెస్సా తయారీ 2002లోనే ఆగిపోయింది, దాని రబ్బరు పైపులు ఈ పెట్రోల్‌ని తట్టుకునేవి కావు. పోయిన డిసెంబరులో పంపు దగ్గరి పైపు పట్టుకుంటే మెత్తగా జిగురుగా తగిలి, వేలికి నల్లగా అంటుకుంది. కార్బురేటర్ బౌల్ విప్పితే అడుగున తెల్లటి బంక.

పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే రకానికి మార్చండి, ఫిల్టర్ కూడా. కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాల జెట్లను క్లీనర్‌తోనూ గాలితోనూ శుభ్రం చేయాలి. పిన్నీసు పెట్టి పొడవొద్దు, రంధ్రం పెద్దదైతే ఇక మైలేజీ రాదు. కారు చాలాకాలం నిలపాల్సి వస్తే ట్యాంకు నిండా పోయించండి, ఖాళీ ఎంత ఉంటే అంత తేమ చేరుతుంది. ఇంజిన్ సామాన్లు దొరకడం లేదని టెన్షన్ పడకండి. అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌లో ఉన్నదీ ఈ ఇంజినే, షాపులో ఆ పేరు చెప్పి అడగండి.

స్టార్ట్ చేసే ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడండి. వరికోతలు అయ్యాక పొలాల ఎలుకలు ఇళ్లలోకి వస్తాయి. మా డబ్బాలో ఒకసారి గుప్పెడు వరిపొట్టు, కొరికిన వైరు ముక్కలు దొరికాయి. గాలి వెళ్లే గొట్టానికి జాలీ కట్టండి. షెడ్‌లో ఉన్నంతసేపూ బానెట్ ఎత్తి ఉంచితే వెలుతురుకి గూడు కట్టవు.

కారు కదలదు, వెనక చక్రాలు పట్టేశాయి

హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేస్తే తేమకు బ్రేకు లైనింగ్ డ్రమ్ముకు అతుక్కుంటుంది. గట్టిగా రేజ్ ఇవ్వకుండా మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపండి. ఇకపై గేర్‌లో పెట్టి, చక్రాలకు ఇటుకలు అడ్డం వేస్తే చాలు.

సైలెన్సర్ లోంచి నీళ్లు కారుతున్నాయి

కొద్దిగా కారితే భయం లేదు. అయితే షెడ్‌లో ఐదు నిమిషాలు ఆన్ చేసి ఆపేసే అలవాటు మానండి. ఆ నీళ్లు ఆవిరయ్యేంత వేడెక్కక సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పడుతుంది. వారానికోసారి నరసన్నపేట దాకా వెళ్లి రండి.

తలుపు కింద పెయింటు పొక్కింది

ఆ పొక్కు తుప్పు లోపలి నుంచి వచ్చిందని చెబుతోంది. తలుపు అడుగున నీళ్లు పోయే చిల్లులు మట్టితో మూసుకుపోయి, అక్టోబరు తుఫాను వాన లోపలే నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. గట్టి రేకు టంగుమంటుంది, కుళ్లింది డబ్‌మంటుంది. దాని మీద లప్పం పెట్టించకండి. "బాబూ, లప్పం కింద తుప్పు ఆగదు" అని మా టింకరింగ్ ఆయన చెప్పింది నిజమే, ఏడాదికే మళ్లీ పొక్కింది. కుళ్లిన రేకు కోసేసి, కొత్త ముక్క వెల్డింగ్ చేయించి, లోపలా బయటా తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ ప్రైమర్ కొట్టించండి.

పెయింటు మాత్రం పొద్దున్నే వేయించొద్దు. థిన్నర్ ఆరుతూ రేకును చల్లబరుస్తుంది, మంచు తేమ అక్కడ చిక్కి తెల్లగా పొగ పట్టినట్టు మచ్చలు తేలతాయి. ఎండ బాగా వచ్చాక, పదకొండు నుంచి మూడింటి మధ్య కొట్టించండి. ఆరాక ప్లాస్టిక్ కవరు కాకుండా నూలు కవరు కప్పండి.