కొత్త మ్యూజిక్ ప్లేయర్ కొన్నాక మొదటి వారం ఏం చూసుకోవాలి

నాన్నకి ఫోన్‌లో పద్యాలు వినడమంటే పెద్ద తలనొప్పి. రాగం పైకి లేచే సమయానికే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, ఎవరూ చేయకపోతే లోన్ కావాలా అని ఎవరో అమ్మాయి అడుగుతుంది, అది పెట్టేసి వచ్చేసరికి పద్యం మళ్లీ మొదటికి పోయి ఉంటుంది. అందుకని అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా, రెండంగుళాల తెర ఉన్న చిన్న మ్యూజిక్ ప్లేయర్ ఒకటి తెప్పించాను. సిమ్ లేదు, వైఫై లేదు, పాడటం తప్ప ఇంకో పని రాదు. మొదటి రోజు చూసి డబ్బులు దండగ అనుకున్నాను. వారం కుస్తీ పట్టాక తెలిసిందేమంటే తప్పు ప్లేయర్‌ది కొంచెమే, నేను పాటలు ఎక్కించిన తీరుదే ఎక్కువ. మీరు ఇలాంటిది కొని ఉంటే, నాలాగా వారం పాడుచేసుకోకుండా ఏ వరసలో ఏం చూసుకోవాలో చెప్తాను.

ముందు ఛార్జింగ్. పెట్టె విప్పగానే ఫోన్ ఛార్జర్‌కి తగిలించాను, ఉలుకూ లేదు పలుకూ లేదు. తిప్పి పంపేద్దామని పెట్టె మళ్లీ సర్దేశాను కూడా. తర్వాత చూస్తే గొడవంతా కేబుల్ దగ్గరుంది. ఈమధ్య వచ్చే ఛార్జర్లకి రెండు వైపులా టైప్ సి కేబులే ఉంటుంది కదా, అలాంటి ఛార్జర్ అవతల ఏదో పరికరం ఉందని గుర్తుపడితేనే కరెంటు వదులుతుంది, అలా గుర్తుపట్టడానికి పరికరం లోపల ఉండాల్సిన రెండు చిన్న రెసిస్టర్లని చవక ప్లేయర్లలో చాలాసార్లు పెట్టకుండా మిగుల్చుకుంటారు. కాబట్టి పాత తరహా వెడల్పు యూఎస్‌బీ మూతి ఉన్న ఛార్జర్, ఒక వైపు ఆ వెడల్పు మూతి, ఇంకో వైపు టైప్ సి ఉన్న కేబుల్ తీసి చూడండి, లేదా అదే కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించండి. అప్పటికీ ఎక్కకపోతేనే తిప్పి పంపండి.

ఇక శబ్దం. పెట్టెలో ఇచ్చే ఇయర్‌ఫోన్లతో విని ఏ నిర్ణయానికీ రాకండి, అవి లెక్క కోసం ఇచ్చేవే. మీరు రోజూ వాడే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి వినండి, తంబురా శ్రుతి ఉన్నదైతే మరీ మంచిది. పాట ఆపేసి, తెర వెలుగుతూ ఉండగా చెవిలో సన్నగా బుస్ మంటోందేమో గమనించండి. రాత్రి అందరూ పడుకున్నాక వాల్యూమ్ ఒకటో నంబర్‌లో పెట్టి కూడా చూడాలి, ఎందుకంటే కొన్ని ప్లేయర్లకి ఒకటే ఎక్కువ, సున్నాకీ ఒకటికీ మధ్య ఇంకేం ఉండదు. హరికథలూ కచేరీలూ వినేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: ఒకే కథని ఐదారు ట్రాకులుగా కోసి ఉంటే, ఒక ట్రాకు నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు మధ్యలో గుటక మింగినట్టు ఆగుతుందా, సాఫీగా పోతుందా? మాది ఆగుతుంది. ఆలాపన మధ్యలో అర సెకను నిశ్శబ్దం. సెట్టింగ్స్‌లో గ్యాప్‌లెస్ అని ఉంటే ఆన్ చేసుకోండి, మాదాంట్లో అదీ లేదు, అందుకే హరికథలన్నీ కంప్యూటర్‌లో ఒక్కో ఫైలుగా అతికించేశాను.

ప్లేయర్ జేబులో పెట్టుకుని, బటన్లు తెర చూడకుండా నొక్కి చూడండి. లాక్ బటన్ ఎక్కడుందో మొదటి రోజే నేర్చుకోండి. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

మెమరీ కార్డు దగ్గర మాత్రం తొందరపడొద్దు. ప్లేయర్‌తోపాటు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని 128 జీబీ కార్డు కూడా తెప్పించాను. పాటలన్నీ ఎక్కించాను, పేర్లన్నీ కనిపించాయి, మొదటి కొన్ని ఫోల్డర్లు బ్రహ్మాండంగా పాడాయి. ఆ తర్వాత ఏది నొక్కినా ‘ఫైల్ ఎర్రర్’. రెండు రోజులు ప్లేయర్‌ని తిట్టాను, పాపం. అది నకిలీ కార్డు. లోపల ఉన్న జాగా చాలా తక్కువ, కంప్యూటర్ అడిగితే మాత్రం 128 ఉందని అబద్ధం చెప్తుంది, నిండిపోయాక రాసినదంతా గాల్లో కలిసిపోతుంది. కొత్త కార్డు రాగానే విండోస్ అయితే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్, మ్యాక్ అయితే ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాంతో ఒకసారి పరీక్ష చేయండి. అది కార్డు నిండా ఏదో రాసి, రాసినదాన్ని మళ్లీ చదివి సరిపోల్చుకుంటుంది. పెద్ద కార్డుకి గంటా రెండు గంటలు పడుతుంది, ఆలోగా అన్నం తిని రావచ్చు. పాటలు ఎక్కించకముందే ఈ పని చేయాలి, తిప్పి పంపే గడువు కూడా దాటకూడదు కదా.

కార్డు అసలుదే అయినా ప్లేయర్ ‘నో కార్డ్’ అంటే కంగారు పడకండి. కార్డు మీద ఫైళ్లు సర్దే పద్ధతులు రెండున్నాయి: 32 జీబీ వరకు కార్డులు ఫ్యాట్32 పద్ధతిలో వస్తాయి, 64 నుంచి ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, చిన్న ప్లేయర్లలో కొన్నిటికి ఈ రెండోది చదవడం రాదు. ప్లేయర్ మెనూలోనే ఫార్మాట్ ఉంటే అక్కడే చేసేయండి, దానికి ఏం కావాలో దానికే తెలుసు.

ఎన్ని పాటలు పడతాయన్నది చిన్న లెక్కే. 320 కేబీపీఎస్ (సెకను పాటకి ఎంత డేటా వాడారో చెప్పే కొలత) ఎంపీ3 అయితే ఐదు నిమిషాల పాటకి 12 ఎంబీ, అంటే 64 జీబీ కార్డులో ఐదు వేలకు పైనే. అదే పాట సీడీ నుంచి, నాణ్యత తగ్గకుండా దాచే ఫ్లాక్ అనే ఫైలులోకి తీస్తే సుమారు 30 ఎంబీ అవుతుంది. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్ మొత్తం కలిపి 5 జీబీ, దాన్నే జేబులో వెయ్యి పాటలని గొప్పగా చెప్పుకునేవాళ్లు. సరే, అసలు విషయానికొస్తే, ఎప్పుడో ఎక్కించుకున్న 128 కేబీపీఎస్ పాటని ఫ్లాక్‌గా మార్చితే సైజు పెరుగుతుంది తప్ప పోయిన నాణ్యత తిరిగి రాదు, పలచబడ్డ మజ్జిగని పెద్ద గిన్నెలో పోసినట్టే. పాత క్యాసెట్ల నుంచి తీసుకున్న నాటక పద్యాలకైతే 128 చాలు. వాటిలో కొన్ని ఒక్క ఎడమ చెవిలోనే వినిపిస్తాయి, ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిచి మోనోగా, అంటే రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం వచ్చేలా మార్చేయండి.

ఇంకో మాట, మీరు డబ్బు కట్టే మ్యూజిక్ యాప్‌లో ‘డౌన్‌లోడ్’ చేసుకున్న పాటలు ఇందులోకి రావు. అవి తాళం వేసి ఉంటాయి, ఆ యాప్ ఒక్కటే తెరవగలదు. మీ దగ్గరున్న సీడీలు, క్యాసెట్లు, కొనుక్కున్న ఫైళ్లు, ఇవే పనికొస్తాయి. ఇది తెలియక కొనేసి తలపట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు అసలు కష్టానికి వద్దాం, తెలుగు పేర్లు. తెలుగు చూపిస్తుందో లేదో ప్లేయర్ పెట్టె మీద ఎక్కడా రాసి ఉండదు. కొన్నిటిలో తెలుగు అక్షరాలే ఉండవు, పేరంతా ఖాళీ డబ్బాలే. ఇంకొన్నిటిలో అక్షరాలుంటాయి గానీ ఒత్తులు కూర్చడం రాదు, ‘స్త్రీ’ అని రాస్తే ‘స్‌త్‌రీ’ అని, ‘లక్ష్మి’ని ‘లక్‌ష్‌మి’ అని విరిచి చూపిస్తాయి. ఫాంటు ఉన్నంత మాత్రాన సరిపోదు, ఒక అక్షరం కింద ఇంకో అక్షరం ఎలా చేరాలో తెలిసిన ప్రోగ్రాం కూడా లోపల ఉండాలి. అందుకని నాలుగు వందల పాటల పేర్లు తెలుగులోకి మార్చుకున్నాక ఏడవకుండా (నేను ఏడ్చాను), ముందు ఒకే ఒక్క పాటకి ‘స్త్రీ లక్ష్మి కృష్ణ’ అని పేరు పెట్టి ఎక్కించి చూడండి. ఫైలు పేరు ఒకసారి, లోపలి ట్యాగ్ (ఫైలు లోపల రాసి ఉండే పాట, గాయకుడు, ఆల్బమ్ పేర్లు) ఒకసారి, రెండూ వేర్వేరుగా చూడాలి, ఒకటి బాగుండి ఇంకోటి పాడవచ్చు.

మాదాంట్లో విరిగిపోయాయి. నాన్న కళ్లజోడు పెట్టుకుని తెర వంక అరనిమిషం చూసి, “ఇది తెలుగేనంటావా?” అన్నారు. దాంతో ఇంగ్లీషు అక్షరాలకి మార్చక తప్పలేదు. మీరూ అలా మార్చాల్సి వస్తే ఒకే స్పెల్లింగ్ పట్టుకోండి. ‘శ్రీ’ ఒక్కదాన్నే ఇంగ్లీషులో మూడు రకాలుగా రాస్తారు, మూడూ వాడితే ఒకే గాయకుడు జాబితాలో మూడుచోట్ల తేలతాడు. పేర్లు ఎలా రాస్తారో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే చాలు.

ట్యాగ్‌లు మార్చడానికి నేను వాడింది ఎంపీ3ట్యాగ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం. మన సినిమా పాటలకి ఇందులో ఒక చిక్కుంది. సినిమాలో ఆరు పాటలుంటే పాడినవాళ్లు నలుగురైదుగురు ఉంటారు, చాలా ప్లేయర్లు ఆర్టిస్ట్ పేరు మారగానే అది వేరే ఆల్బమ్ అనుకుంటాయి, దాంతో ఒక్క సినిమా నాలుగైదు ముక్కలవుతుంది. మందు చాలా సులువు: ఆ సినిమా పాటలన్నీ సెలెక్ట్ చేసి, ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ అన్న గడిలో సంగీత దర్శకుడి పేరు ఒక్కసారి రాసి సేవ్ కొట్టండి. పాడినవాళ్ల పేర్లు ‘ఆర్టిస్ట్’ గడిలో ఎవరివి వాళ్లకే ఉండనివ్వండి. ఆల్బమ్ పేరు చివర ఏదో వెబ్‌సైట్ పేరు అంటుకుని ఉంటే అదీ పీకేయండి, దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సేవ్ చేసేముందు సెట్టింగ్స్‌లో ఐడీ3 (ఎంపీ3లో ట్యాగ్‌లు రాసే పద్ధతి) వెర్షన్ 2.3 పెట్టుకోండి, 2.4 అంటే కొన్ని ప్లేయర్లకి అర్థం కాదు.

పాటతోపాటు తెర మీద కనిపించే ఆల్బమ్ అట్ట బొమ్మలు 500 బై 500 పిక్సెళ్లు మించనవసరం లేదు. పెద్దవి పెడితే పాట మారిన ప్రతిసారీ ప్లేయర్ ఆలోచనలో పడుతుంది.

ఆ తర్వాత వరస. నాటకంలో పద్యాలు కథ ప్రకారం రావాలి కదా, మాకు యుద్ధం ముందు వచ్చి రాయబారం తర్వాత వచ్చింది. ఫైలు పేర్ల ముందు 01, 02 అని రెండంకెలు పెట్టండి, ఉత్త 1, 2 పెడితే 1 తర్వాత 10 వస్తుంది. అప్పటికీ కుదరకపోతే మీ ప్లేయర్ పేర్లు చూసి సర్దే రకం కాదు, కార్డు మీదికి ఏది ముందు కాపీ అయితే అది ముందు పాడే రకం. కారులో పెన్ డ్రైవ్ పెట్టినప్పుడు పాటలు చిందరవందరగా వచ్చేది కూడా చాలావరకు ఇందుకే. ఫోల్డర్ ఖాళీ చేసి, వరస ప్రకారం మళ్లీ కాపీ చేయండి. మధ్యలో ఒక్క పాట మరిచిపోయి తర్వాత చేరిస్తే అది చివరికి పోయి కూర్చుంటుంది, ఫోల్డర్ మొత్తం మళ్లీ చేయాలి. వందల ఫోల్డర్లుంటే ఫ్యాట్‌సార్ట్ లాంటి చిన్న ప్రోగ్రాంలు కార్డు మీదే వరస సరిచేస్తాయి. కేబుల్ పీకేముందు కంప్యూటర్‌లో ‘ఎజెక్ట్’ కొట్టడం, పాటలు చేర్చాక మెనూలో ‘అప్‌డేట్ లైబ్రరీ’ నొక్కడం మరిచిపోకండి, లేకపోతే కొత్త పాటలు కార్డులో ఉండి కూడా కనిపించవు.

బ్లూటూత్ ఉంది, పనిచేస్తుంది, బ్యాటరీ మాత్రం చూస్తుండగానే కరుగుతుంది. వైర్ పెట్టుకోండి.

ఇంట్లో పెద్దవాళ్ల కోసమైతే వాల్యూమ్‌కి మెనూలో ఒక హద్దు పెట్టండి. 80 డెసిబెల్స్ దగ్గరైతే వారానికి 40 గంటల వరకు వినొచ్చనీ, 90 అయితే 4 గంటలు దాటొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. నేను పెట్టిన హద్దు నాన్నకి నచ్చలేదు, “దీనికి గొంతు లేదేంట్రా” అంటూ రెండు రోజులు సణిగారు. హద్దు తీయలేదు, చెవులు మూసుకుపోయేలా పట్టే రబ్బరు బుడిపెల ఇయర్‌ఫోన్లు కొనిచ్చాను. బయట ఫ్యాను చప్పుడు తగ్గేసరికి పాత వాల్యూమే సరిపోయింది.

చివరగా, కార్డులో ఉన్నదంతా అదే ఫోల్డర్ల వరసలో కంప్యూటర్‌లో ఒక కాపీ ఉంచండి. మా దగ్గర ప్రస్తుతం 62 ఫోల్డర్లున్నాయి, నాన్న మూడోది దాటి వెళ్లలేదు. నిన్న ఫోన్ చేసి, అందులో ఏడో పద్యం ఎనిమిదోది కావాలని, మధ్యలో ఒకటి నేను మింగేశానని చెప్పారు. వెతికితే నిజమే, డెస్క్‌టాప్ మీదే ఉండిపోయింది. ఆదివారం వెళ్లి ఆ ఫోల్డర్ మొత్తం మళ్లీ ఎక్కించాలి.