ఎండలు ముదిరేలోపు ఇంట్లో సీసాలు సర్దుకోండి

ఉగాది దాటిందంటే కర్నూలు, అనంతపురం, కడప వైపు ప్రతి ఇంట్లో ఎండాకాలం పనులు మొదలవుతాయి. కూలర్‌కి గడ్డి మార్చడం, మిద్దె మీద ట్యాంకుకి తడి గోనెసంచి కప్పడం, కుండలు కొనడం. ఇంట్లో చిన్న బార్ లాంటిది పెట్టుకున్నవాళ్ళు మాత్రం ఆ అర వైపు చూడను కూడా చూడరు. అడిగితే "మందు చెడిపోతుందా ఏందిలేప్పా, పాతదయ్యేకొద్దీ మంచిది కదా" అంటారు. పీపాలో ఉన్నంత కాలమే ఆ మాట నిజం. సీసాలోకి దిగాక విస్కీ ముదరదు. 12 ఏళ్ళ విస్కీని బీరువాలో ఇంకో పదేళ్ళు దాచినా అది 12 ఏళ్ళ విస్కీనే, కాకపోతే దాచిన చోటు బాగాలేకపోతే అంతకంటే తక్కువ రకమవుతుంది.

అసలు చిక్కు "రూమ్ టెంపరేచర్" అనే మాటతో వస్తుంది. సీసా మీద చల్లని చోట ఉంచమని రాసేవాళ్ళ మనసులో ఉండేది 15 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో మనకు బయట 42, 43. పై అంతస్తులో ఆర్‌సీసీ స్లాబు కింద రాత్రి పదిన్నరకి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, ఇంకా వెచ్చగానే ఉంటుంది. కాబట్టి ఎక్కడో చల్లటి ఊళ్ళో కూర్చుని ఎవరో చెప్పిన "తెరిచాక ఏడాది, రెండేళ్ళు ఉంటుంది" అనే లెక్క మన గదికి పనికిరాదు. 10 డిగ్రీలు పెరిగితే చెడే వేగం దాదాపు రెండింతలవుతుందని కెమిస్ట్రీలో ఒక మోటు లెక్క ఉంది, దాన్నే గుర్తుపెట్టుకోండి.

ముందు చోటు సంగతి చూద్దాం. పిల్లలకు అందదు కదా అని అటక మీద పెడతారు, ఇంట్లో అన్నిటికంటే వేడి చోటు అదే. ఫ్రిజ్ పైన పెట్టేవాళ్ళూ ఎక్కువే, ఫ్రిజ్ లోపలి వేడంతా బయటికి వదిలేది ఆ చుట్టుపక్కలే మరి. పడమటి గోడకి ఆనించిన అద్దాల షోకేసు, అందులో సీసాలు మెరవడానికి రోజంతా వెలిగే లైట్లు, చూడ్డానికి బాగుంటాయి గానీ మందుకి వెలుతురు పడదు, వేడి అసలే పడదు. కింది అంతస్తులో నడిమి గది, ఎండ తగలని గోడ, నేలకి దగ్గరగా ఉన్న కడప బండ అరలు, తాళం పడే తలుపు, ఇంతకంటే మంచి చోటు ఏసీ లేని ఇంట్లో దొరకదు. ఊళ్ళో పాత మట్టి మిద్దె ఇంకా మిగిలుంటే మీరు అదృష్టవంతులు. అట్టపెట్టెలో వచ్చిన సీసాని పెట్టెలోనే ఉంచండి, పెట్టె పారేసి సీసాని షోకు కోసం బయటపెట్టొద్దు.

విస్కీ, రమ్, బ్రాందీ, వోడ్కా, జిన్ సీసాలన్నీ నిలబెట్టే ఉంచాలి. బిరడా ఉన్న సీసాని పడుకోబెడితే ఘాటు మందు బిరడాని తినేస్తుంది, అది నుసి నుసిగా లోపల పడుతుంది. వైన్‌కి ఇది తిరగబడుతుంది, బిరడా ఎండిపోకుండా దాన్ని పడుకోబెట్టాలి. ఒక విషయం మాత్రం చాలామందికి తెలియదు. 40 శాతం ఆల్కహాల్ ఉన్న మందు నుంచి దాదాపు 26 డిగ్రీల దగ్గరే నిప్పు అంటుకునేంత ఆవిరి లేస్తుంది. మన వంటగదిలో ఏప్రిల్‌లో వేడి తెల్లవారుజామున కూడా 26 డిగ్రీలకి దిగదు. కాబట్టి గ్యాస్ పొయ్యి పక్కన, దేవుడి దీపం ఉన్న అర కింద, ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన సీసాలు వద్దు. స్టవ్ వెలుగుతుండగా గ్లాసుల్లో పోసే అలవాటు ఉంటే మానుకోండి. కారు డిక్కీలో మధ్యాహ్నమంతా వదిలేయడం కూడా అంతే. వేడికి మందు నీళ్ళకంటే ఎక్కువ ఉబ్బుతుంది, మూత దగ్గర కారుతుంది, ఆ ఆవిరి మూసిన కారులోనే ఉంటుంది.

ఇక ఏది ఎన్నాళ్ళు అనే లెక్క. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల మీద 42.8 శాతం అని ఉంటుంది చూడండి, ఆ ఘాటులో ఏ క్రిమీ బతకదు. సీల్ తీయని సీసాకి గడువు లేదు. తీసిన సీసా కూడా విషమైపోదు, రుచి పోతుందంతే. గాలి తగిలి వాసన చప్పబడుతుంది, మూత వదులుగా ఉంటే స్పిరిట్ ఎగిరిపోతుంది. ముప్పాతిక నిండి ఉన్న సీసా చల్లటి చోట ఉంటే ఏడాది పైన బాగానే ఉంటుంది, అడుగున నాలుగు పెగ్గులు మిగిలిన సీసా మాత్రం ఒక్క ఎండాకాలంలోనే నీరుగారిపోతుంది, ఎందుకంటే లోపల మందుకంటే గాలే ఎక్కువ. అందుకే మార్చిలోనే అర సర్ది, సగం కంటే తగ్గినవి ముందు అవగొట్టండి, లేకపోతే కడిగి బాగా ఆరబెట్టిన చిన్న గాజు సీసాలోకి నిండుగా పోసి, పేరూ తెరిచిన తేదీ రాసి అతికించండి. వడ్డించడానికి వాడే షోకు గాజు సీసాలో, అంటే డికాంటర్‌లో పోసి హాల్లో పెట్టడం వద్దు. పాత రకం క్రిస్టల్‌లో సీసం ఉంటుంది, నిల్వ ఉంచితే అది మందులోకి దిగుతుంది. వడ్డించేటప్పుడు వాడుకుని మిగిలింది మళ్ళీ సీసాలో పోసేయండి.

ఘాటు తగ్గేకొద్దీ జాగ్రత్త పెరగాలి. ఐరిష్ క్రీమ్ లాంటివాటిలో పాలమీగడ ఉంటుంది. ఆ రకం చేసే బెయిలీస్ కంపెనీవాళ్ళు తయారైన రోజు నుంచి 2 ఏళ్ళు ఉంటుందంటారు, అదీ 0 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచితేనే. మన ఇంట్లో దాని అర్థం ఫ్రిజ్‌లో అని, ఫ్రిజ్‌లో కూడా తలుపు అరలో కాదు. ఎండాకాలం ఇంటిల్లిపాదీ ఐదు నిమిషాలకోసారి తీసే తలుపు అది. పోస్తే గడ్డలుగా పడినా, పులిసిన వాసన వచ్చినా సింకులో పారబోయండి, ధర గుర్తు చేసుకోవద్దు. వెర్మూత్ అనే మూలికల వైన్ తెరిచాక ఫ్రిజ్‌లో ఒకట్రెండు నెలలు. వైన్ తెరిచాక ఫ్రిజ్‌లోనే మూడు నుంచి ఐదు రోజులు. తెరవని వైన్ కూడా 40 డిగ్రీల గదిలో కొన్ని వారాలుంటే ఉడికిపోతుంది, బిరడా పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఏసీ గది లేనివాళ్ళు ఎండాకాలానికి వైన్ నిల్వ పెట్టకండి, కావలసిన రోజు తెచ్చుకోండి. బీరు అయితే మరీను. కొనేటప్పుడే తయారీ తేదీ చూడండి, షాపు ముందు ఎండలో దొంతరగా పేర్చిన క్రేట్లలోంచి తెచ్చింది తేదీ బాగున్నా రుచి బాగుండదు. ఆకుపచ్చ సీసాకి వెలుతురు తగిలితే అందులో చేదు కోసం వేసే హాప్స్ పువ్వులు ఒక రకం కంపు కొడతాయి, గోధుమరంగు సీసా గానీ టిన్ను గానీ మేలు.

మందులో కలుపుకునే సోడా, జ్యూస్ లాంటి మిక్సర్ల దగ్గరే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. రెండు లీటర్ల సోడా చవక అని తెస్తాం, తెరిచిన మర్నాటికి చప్పిడి నీళ్ళు. ప్లాస్టిక్ సీసాలోంచి గ్యాస్ తెరవకపోయినా మెల్లగా బయటికి పోతూనే ఉంటుంది, వేడిలో ఇంకా తొందరగా పోతుంది, అందుకే రెండు మూడు నెలలకి సరిపడా సోడా, టానిక్ వాటర్ కొని పెట్టుకోవడం తెలివితక్కువ. చిన్న సీసాలూ టిన్నులూ కొనండి, బాగా చల్లబడ్డాకే మూత తీయండి, గ్యాస్ నిలుస్తుంది. డైట్ కూల్‌డ్రింకుల్లో తీపి కోసం వేసే ఆస్పర్టేమ్ వేడికి విరిగి తీపి పోగొట్టుకుంటుంది, వాటి గడువు మామూలు వాటికంటే తక్కువ. డబ్బా జ్యూస్ తెరిచాక ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులే.

మన దగ్గర ఇంతకంటే మంచి మిక్సర్లున్నాయి. అనంతపురం, పులివెందుల వైపు చీనీకాయలకి (బత్తాయిలకి) కొదవ లేదు, చీనీ రసంలో వోడ్కా గానీ జిన్ గానీ పోసుకుంటే సీసాలో దొరికే ఏ జ్యూసూ పక్కకి రాదని నా అభిప్రాయం. కానీ చీనీ రసం తీసి పెట్టకూడదు. చుట్టాలొస్తున్నారని పొద్దున్నే జగ్గు నిండా పిండి ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి చేదెక్కుతుంది. కాయ చెడింది అనుకుంటారు గానీ ఆ రసం స్వభావమే అంత. గింజా, తెల్ల తొక్కా నలగకుండా అప్పటికప్పుడు పిండండి. నిమ్మరసం కూడా ఆ పూటకే. నన్నారి సిరప్ చిక్కగా ఉన్నంతకాలం నెలల తరబడి ఉంటుంది, అయితే తడి గరిటె పెట్టకూడదు, నీళ్ళు కలిపినది మిగిలితే పారబోయాలి, ఆ ఎండకి రాత్రికే పులిసి బుడగలొస్తుంది. ఇంట్లో పాకం కాచుకునేవాళ్ళు చక్కెరా నీళ్ళూ సమానంగా పోస్తే ఫ్రిజ్‌లో నెల వస్తుంది, చక్కెర రెండింతలు వేస్తే ఇంకా చాలాకాలం నిలుస్తుంది. పైన తెల్లటి బూజు తేలితే దాన్ని తీసేసి వాడకూడదు, మొత్తం పోవాల్సిందే. కొబ్బరి నీళ్ళు కొట్టిన పూటే తాగాలి.

ఐస్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఎక్కువమంది వస్తున్నారని ఐస్ ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెచ్చి గోనెసంచిలో పగలగొడతారు కదా, అది చేపలకీ శవపేటికలకీ వాడే ఐస్. సీసాల చుట్టూ బకెట్‌లో వేసుకోండి, గ్లాసులో వేయొద్దు. చల్లదనానికి క్రిములు చావవు, మందులో వేసినంత మాత్రాన ఆ ఐస్ శుభ్రం అయిపోదు. బోరు నీళ్ళు కాకుండా తాగే నీళ్ళతోనే ట్రేలు నింపండి, మూత పెట్టండి, లేకపోతే నిన్నటి చేపల పులుసు వాసన ఇవాళ్టి విస్కీలో ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు కరిగి ముద్దగా మళ్ళీ గడ్డకట్టిన ఐస్ పారేసి కొత్తది పెట్టుకోండి. తొందరగా చల్లబడాలని బీరూ సోడా ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోతే గడ్డకట్టి గాజు పగులుతుంది, ఐస్ ట్రేలో గాజు ముక్కలు కనపడవు. వోడ్కా అయితే ఇంటి ఫ్రీజర్‌లో గడ్డకట్టదు, దానికి భయం లేదు. బీరుకి బకెట్‌లో ఐసూ నీళ్ళూ గుప్పెడు రాళ్ళుప్పూ వేసి అందులో పెట్టండి, పావుగంట ఇరవై నిమిషాలు చాలు.

వోడ్కా, జిన్, వైట్ రమ్ చూడ్డానికి నీళ్ళలాగే ఉంటాయి. పెద్ద సీసా ఫ్రిజ్‌లో పట్టలేదని వాటర్ బాటిల్‌లోకి పోసి పెట్టడం చాలా ఇళ్ళలో చూస్తాం. సెలవులకి పిల్లలు దిగి ఉంటారు, ఎండలో ఆడొచ్చి ఫ్రిజ్ తీసి చేతికందిన బాటిల్ ఎత్తి గటగటా తాగుతారు. చిన్న పిల్లలకి కొద్దిపాటి మందు కూడా రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణం మీదికి తెస్తుంది. ఒక్క పూటకైనా సరే, లేబుల్ రాసినా సరే, నీళ్ళ సీసాలో మందు పోయకండి. పార్టీ అయ్యాక గ్లాసుల్లో మిగిలింది ఆ రాత్రే పారబోసి పడుకోండి, పొద్దున్నే ముందు లేచేది పిల్లలే.

ఎండలో మందు ఒంటికి రెండు వైపులా దెబ్బ. మూత్రం ఎక్కువగా పోయి ఒంట్లో నీరు తగ్గుతుంది, చెమట ఎటూ పోతూనే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం మొదలుపెట్టొద్దు, పెగ్గుకో గ్లాసు నీళ్ళు పక్కన ఉండాలి. షుగర్ మాత్రలు, నిద్ర మాత్రలు, మెట్రోనిడజోల్ లాంటి యాంటీబయాటిక్‌లు వాడుతున్న చుట్టానికి "ఒక్కటే కదా" అని బలవంతం చేయకండి. బండి మీద వచ్చినవాళ్ళకి మంచం వేయండి.

ఎక్కడ కొన్నారన్నదీ చూసుకోండి. 2025 అక్టోబరులో ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ గుట్టు బయటపడింది, ఆ తర్వాత సీసా మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చూసుకోవడానికి ఏపీ ఎక్సైజ్ సురక్ష అని యాప్ వచ్చింది. స్కాన్ అయ్యేది సీలున్న సీసానే, ఎవరో పోసిచ్చిన దానికి ఏ యాప్ పనిచేయదు. స్పూన్‌లో పోసి అంటిస్తే నీలం మంట వస్తే మంచిదని, ఊపితే బుడగలు నిలిస్తే అసలుదని చెప్పేవన్నీ నమ్మొద్దు, నకిలీ మద్యంలో ఉండే మిథనాల్ అనే విషపు స్పిరిట్‌ని ఇంట్లో పట్టుకునే దారి లేదు. తాగిన రోజు హ్యాంగోవర్ లాగే ఉండి, మర్నాటికి కడుపునొప్పి, వాంతులు, చూపు మసకబారడం ఉంటే నిమ్మరసం, మజ్జిగ అంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి, మిగిలిన సీసా కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

చివరిగా సెలవుల చుట్టాలు. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వచ్చేవాళ్ళని "అక్కడ చవకంట, నాలుగు పట్టుకురా" అనడం మన అందరికీ అలవాటే. సరిహద్దులో పంచలింగాల, కొడికొండ చెక్‌పోస్టుల దగ్గర ఆపి డిక్కీ తీయిస్తారు, పక్క రాష్ట్రం మందు ఇక్కడ పన్ను కట్టని సరుకు కిందికి వస్తుంది, కేసు పడేది తెచ్చిన బావమరిది మీద. ఇంట్లో ఉంచుకోవడానికీ పరిమితి ఉంది, 21 ఏళ్ళు నిండనివాళ్ళకి అమ్మడం నేరం. పెళ్ళికో ఫంక్షన్‌కో ఎక్కువ కావాలంటే ముందే దగ్గర్లోని ఎక్సైజ్ స్టేషన్‌కి వెళ్ళి ఇప్పుడు ఎన్ని సీసాల వరకు ఉంచుకోవచ్చో, పర్మిట్ ఎలా తీసుకోవాలో అడిగి రాసుకుని రండి.